తిప్పి పెట్టినా వెలిగిన బల్బు

తప్పు చెప్పింది సారు, బడి పోయింది నాకు.

పటాన్‌చెరులో ఫోన్ల రిపేరు దుకాణం ముందు టంకం వాసన తగిలితే ఇప్పటికీ ఒళ్లు మండుతది. ఏడో తరగతిలో సారు, "డయోడు కరెంటును ఒక్క దిక్కే పోనిస్తది. తిప్పి పెడితే బల్బు ఆరిపోతది" అన్నడు.

"బ్యాటరీకైతే అంతే సార్. ఇంటి కరెంటు దిక్కు అటూ ఇటూ మారుతది గద, ఎట్ల పెట్టినా సగం దాటుతది. బల్బు మసకగ వెలుగుతనే ఉంటది. ఫ్యాక్టరీ చెత్తల దొరికిన డయోడుకు టంకం పెట్టి చూసిన" అన్న.

"నాకే చెప్తవారా, చెత్త ఇంజనీరూ!" అని చెంప మీద కొట్టిండు. అందరూ నవ్విన్రు.

తెలిసే అబద్ధమాడిండనుకున్న. ఆ పంతంతో మళ్ల బడికి పోలె, దొరికిన పుస్తకమల్లా సొంతంగ చదువుకున్న. మొన్న భానూర్‌లో ముసలోడైన ఆ సారు కనిపిస్తే, ఎందుకు కొట్టిన్రని అడిగిన.

"నేను డయోడును పుస్తకంలనే చూసిన కొడకా. చేసి చూపిస్తనంటవేమోనని భయపడి కొట్టిన. తెల్లారి నుంచి రోజూ నువ్వొస్తవేమోనని క్లాసు తలుపు దిక్కే చూసిన."