కారు తాగిన తీర్థం

మా ఇంట్లో పిల్లలు నన్ను మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకునే కథ ఒకటుంది. దసరా నాడు జమ్మికి పోతూ కారు నడిబజారులో మొరాయించిన కథ. ఆ కారు మొదట దగ్గడం, తర్వాత ఎక్కిళ్లు పెట్టడం, వెనక గొట్టంలోంచి ఫట్‌మని పేలడం, అన్నీ నోటితో చేసి చూపిస్తాను. పిల్లలు పొర్లి పొర్లి నవ్వుతారు. చివరికి "పెట్రోలు అమ్ముకుని నీళ్లు పోసిన దొంగెవరు?" అని నేను అడగాలి. "సామేలూ!" అని వాళ్లంతా ఒక్క గొంతుతో అరవాలి. అట్లా అలవాటైంది. అలవాటు చేసింది నేనే.

ఆ అరుపు విన్నప్పుడల్లా రొమ్ము మీద రోలు పెట్టినట్టుంటుంది. ఎన్నో ఏండ్లుగా మోస్తున్నాను ఆ రోలును. దించుకుందామంటే ఇంట్లో ఎవరికి చెప్పను? అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. చదువు పెద్దగా రాదు, అక్షరాలు కూడబలుక్కుంటూ రాస్తున్నాను. జ్ఞాపకం మాత్రం పాడు జ్ఞాపకం. ఒక్క గింజ కూడా రాలనివ్వదు.

మాది మెట్‌పల్లి. పెండ్లయిన కొన్నాళ్లకే నా పెనిమిటి పోయాడు. మక్కజొన్నల బస్తాలు వేసుకుని వస్తుంటే వాగు దగ్గర ఎడ్లబండి తిరగబడింది. దాని కింద పడ్డాడు. నన్ను అన్న తన ఇంటికి తెచ్చుకున్నాడు. అన్న మంచివాడే. వదినె కూడా చెడ్డదేం కాదు. తిండికీ బట్టకూ లోటు చేయలేదు. కానీ ఎవరైనా ఊరికి బయల్దేరుతుంటే నేను లోపలికి పోవాలి. పొమ్మని ఎవరూ అనేవారు కాదు. వదినె ఒక్కసారి దగ్గేది. ఆ దగ్గు నాకోసమేనని నాకు తెలుసు, ఇంట్లో అందరికీ తెలుసు.

ఊరంతా పటేలా అని పిలిచే మా అన్నది బీడీలు చుట్టే తునికాకు కాంట్రాక్టు. ఆదిలాబాద్ అడవుల్లో తిరగాలి. రాష్ట్రం పేరు ఆంధ్రప్రదేశ్‌గా మారిన కొత్తలో హైదరాబాదు నుంచి ఒక పాత కారు కొనుక్కొచ్చాడు. నల్లది. దానికి డ్రైవరుగా సామేలును పెట్టుకున్నాడు. సామేలు క్రైస్తవుడు. మిషన్ కాంపౌండులో పుట్టి, అక్కడి బండి మీదే పని నేర్చుకున్నాడు. కారు ఏమాత్రం మూలిగినా తల పక్కకు వంచి, కండ్లు మూసుకుని వినేవాడు. పసిపిల్ల ఏడుపును తల్లి విన్నట్టు.

అతను కారు కడుగుతుంటే నేను పెరటి గడపలో కూర్చుని చూసేదాన్ని. పొద్దున్నే నా ముఖం ఎదురైతే ఆగిపోని మనిషి ఆ వాకిట్లో అతనొక్కడే.

"అక్కా, గిది గూడ మనిషి లెక్కనే," అన్నాడొకసారి. "గీ ముందటున్నది గుండె. గీ జాలీల నుంచి గాలి పీలుస్తది. ఎనుక మూత చూసినవా? గది నోరు. పెట్రోలు గాడనే తాగుతది."

"నోరు ఎనుకనా?" అన్నాను.

"గందుకే ఎదురు మాట్లాడది."

పెనిమిటి పోయాక నేను బిగ్గరగా నవ్వింది అప్పుడేననుకుంటాను. ఆ నోరు ఎక్కడుందో నాకు చూపించింది సామేలే. చూపించినందుకు నేను అతనికి ఏమిచ్చానో ఇక వినండి.

దసరా వచ్చింది. కారు వచ్చాక అదే మొదటి దసరా. సామేలు దాన్ని అద్దంలా తుడిచి పెట్టి, పూజ వేళకు తాను దూరంగా వేపచెట్టు కింద నిలబడ్డాడు. కారుకు బంతిపూల దండ వేశారు. పసుపు కుంకుమ పెట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అయ్యగారు మామిడాకుతో నీళ్లు చల్లాడు, ముత్తైదువలు హారతి పట్టారు. నేను వంటింటి కిటికీలోంచి చూశాను. నేను బయటికి రాకూడదు. మామూలుగా విధవ రాకూడదు, బండ్ల పూజకైతే నేను అసలే రాకూడదు. "దీని మొగడు బండి కిందనే పాయె, దీని నీడ పడితె బండి మనుషులను తింటది" అని వదినె తల్లి ఒకసారి నేను వింటుండగానే అన్నది.

కానీ చెప్పండి, ఆ కారును చూసి నా అంత భయపడినవాళ్లు ఆ ఇంట్లో ఎవరున్నారు? అన్న కారెక్కి దర్వాజా దాటిన ప్రతిసారీ నాకు ఆ వాగు ఒడ్డు కనబడేది. తిరగబడ్డ బండి, గాలిలో ఇంకా తిరుగుతున్న చక్రం కనబడేవి. ఎదురింటి ముసలామె ధర్మపురి నుంచి తెచ్చిన గోదారి తీర్థం నా దగ్గర చెంబులో ఉంది, తులసాకులతో. నా బుద్ధికి అప్పుడు తోచింది ఇది. అయ్యగారు పైపైన చల్లిపోయాడు. తీర్థం చల్లుకునేదా? తాగేది కదా! మనిషికైతే దోసిట్లో పోస్తాం, నోట్లో పోసుకుంటాడు. కారుకూ నోరుంది.

భోజనాలై అందరూ నడుం వాల్చారు. నేను పెరట్లోంచి చుట్టు తిరిగి వచ్చాను. మూత తిప్పాను. చెంబు వంచాను. గటగటా తాగింది. "మా అన్నను సల్లగ చూడు" అని మొక్కాను. దేవునికి మొక్కానా, కారుకు మొక్కానా? ఏమో. మూత మళ్లీ బిగించి లోపలికి వస్తుంటే కాళ్లు నేల మీద ఆనలేదు. పూజ నేను కూడా చేశాను. అందరికంటే బాగా చేశాను.

పొద్దు వాలాక అన్న తెల్ల ధోవతి, జరీ కండువా వేసుకుని కారెక్కాడు. నేను మేడ మీది నుంచి చూస్తున్నాను, అక్కడికి బజారంతా కనబడుతుంది, మాటలూ వినబడతాయి. బయల్దేరేటప్పుడు బాగానే ఉంది. బజారు మలుపు దగ్గర చప్పుడు పలచబడింది. సామేలు ఎంత తొక్కినా బలం రావడం లేదు, జొరమొచ్చిన ఎద్దులా. ఒక ఎక్కిలి. ఇంకో ఎక్కిలి. వెనక గొట్టం ఫట్‌మంది. జమ్మికి పోయే జనం ఉలిక్కిపడి పక్కకు దూకారు. కారు ఆగింది. సామేలు మళ్లీ స్టార్టు చేశాడు. కొంచెం పాకి మళ్లీ ఆగింది.

"పటేలా, కారుకు పండుగ కూర అరుగలేదా ఏంది?" అని ఎవడో అన్నాడు.

"ఎడ్లు కావాల్నా? మాయి ఖాళీగనే ఉన్నయ్!" అని ఇంకొకడు.

ఊరంతా నవ్వింది. అన్న కారు దిగి నడుచుకుంటూ జమ్మికి పోయాడు. కారును నలుగురు తోసుకుంటూ ఇంటికి తెచ్చారు. నేను మేడ మీద కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. అప్పటికే నాకు అర్థమైందా? అర్థమైంది. కాలేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను.

మర్నాడు పొద్దున సామేలు బొంత పరిచి పనికి కూర్చున్నాడు. ప్లగ్గులు విప్పి తుడిచాడు. తీగను ఇనుముకు దగ్గరగా పెట్టి చూశాడు, నిప్పురవ్వ బాగానే పడుతోంది. కార్బొరేటర్ విప్పి దాని సన్నని బెజ్జాల్లో నోటితో ఊదాడు. అక్కడా ఏమీ లేదు. తర్వాత పెట్రోలు వచ్చే దారిలో ఉన్న చిన్న గాజు గిన్నె ఊడదీసి ఎండకు ఎత్తి పట్టాడు. అటూ ఇటూ వంచి అడుగు చూశాడు. ఆ తర్వాత కారు కిందికి దూరి, ట్యాంకు అడుగున ఉన్న మర విప్పి గంగాళంలోకి వదిలాడు. ముందు నీళ్లు వచ్చాయి, వెనక పెట్రోలు. నేను వంటింట్లోంచి అంతా చూస్తూనే ఉన్నాను.

అన్న లోపల స్నానం చేస్తున్నాడు. సామేలు పెరటి గడప దగ్గరికి వచ్చాడు. నేను గిన్నెలు తోముతున్నాను. అరచెయ్యి చాపాడు. నలిగిన ఆకు ఒకటి ఉంది దాని మీద.

"అక్కా, గిది తులసాకు."

నేను ఇంకో గిన్నె అందుకున్నాను.

"ట్యాంకిల ఎట్ల వడ్డదో ఎర్కనా?"

"నాకేమెర్క? నేను కారు దిక్కు పోనే పోలే."

"కోపం లేదక్కా. తెల్వక పోసినా తప్పేం లేదు. పటేలు అడిగితే ఒక్క మాట చెప్పు. నేను గీ ఆకు చూపిస్తె, కిరస్తానోడు తీర్థం మీద నింద ఏస్తుండంటరు. నువ్వు చెప్తె నవ్వి ఊకుంటరు."

"పోలే అన్న గద!" నా గొంతు లేచింది. "దిక్కులేనిదాన్ని, నన్నెందుకు ఇరికిస్తవు?"

అతను నా ముఖంలోకి చూశాడు. కారు చప్పుడు విన్నట్టే తల కొంచెం పక్కకు వంచి. ఎక్కడ చెడిందో అతనికి తెలిసిపోయింది.

"మంచిదక్కా," అన్నాడు.

ఆ ఆకును పారేయలేదు. తులసి గద్దె మొదట్లో పెట్టి పోయాడు. అతని దేవుడు కాదు. అయినా కాళ్ల కింద పడనివ్వలేదు.

అన్నతో తనే చెప్పాడు, పెట్రోలులో నీళ్లున్నాయని. రోగం దాచడం అతనికి చేతకాదు. ఆ నిజమే అతని మెడకు చుట్టుకుంది.

"మూత తీసేటోనివి నువ్వే, పోసేటోనివి నువ్వే," అన్నాడు అన్న. "మరి నీళ్లు యాడికెల్లి వచ్చినయ్ రా? పెట్రోలు అమ్ముకున్నవు, నీళ్లతోని నింపినవు. నడిబజార్ల నా ఇజ్జత్ తీసినవు!"

"నేను పోయలే పటేలా."

"మరెవలు పోసిండ్రు?"

సామేలు ఒక్కసారి వంటింటి తలుపు వైపు చూశాడు. తలుపు వెనక నేనున్నాను. చెక్క సందులోంచి అతని కండ్లు కనబడుతున్నాయి. పోసింది నేనని చెప్పడానికి ఒక్క ఊపిరి చాలు. ఆ ఊపిరి బిగబట్టాను.

"నాకెర్క లేదు పటేలా," అన్నాడు.

నా మాటే. నేను గడపలో చెప్పిన మాటనే తీసుకెళ్లి అక్కడ చెప్పాడు.

అన్న తాళంచెవి లాక్కున్నాడు. నోటికొచ్చినట్టు తిట్టాడు. సామేలు తన గుడ్డ దులుపుకుని దర్వాజా వైపు నడిచాడు. నేను అప్పుడు తలుపు వెనక నుంచి బయటికి వచ్చి నిలబడ్డాను. వదినె పక్కనే ఉంది. దగ్గలేదు. బయటికి పోయేవాడు వాడే కదా, నా ముఖం ఎదురైతే ఏం, కాకపోతే ఏం.

దొంగ డ్రైవరని అన్న ఊరూరా చెప్పాడు. ఎవరూ అతనికి బండి ఇవ్వలేదు. భార్యాబిడ్డలను తీసుకుని మందమర్రి పోయాడని, బొగ్గుబాయిలో దిగాడని విన్నాం.

ఎందుకు చెప్పలేదు నేను? అన్న నన్ను వెళ్లగొడతాడనా? వెళ్లగొట్టడు. అది అప్పుడూ తెలుసు. మరి ఎందుకు? చాలా ఏండ్లు ఈ ప్రశ్న దగ్గరికి వచ్చి, పామును చూసినట్టు పక్కకు తప్పుకున్నాను. ఇప్పుడు తప్పుకోను. నా చెయ్యి తగిలి కారు చెడిందంటే వదినె తల్లి మాట నిజమైనట్టు. నా నీడ బండ్లను తింటుందని నేనే ఒప్పుకున్నట్టు. సామేలు దొంగ అయితేనే నేను అపశకునం కాను. అందుకని అతన్ని దొంగను చేశాను. ఊరు నా మీద వేసిన మచ్చను తుడిచి, నా ముఖం చూసి ఆగని ఒక్క మనిషి ముఖానికి పూశాను.

అంతటితో ఆగానా? సామేలు ఎందుకు రావడం లేదని అన్న పిల్లలు అడిగితే, ఆ కథ కట్టింది నేను. ఎక్కిళ్లు, పేలుళ్లు, ఎడ్లు కావాల్నా అన్న మాట, అన్నీ కలిపాను. అన్న కూడా విని నవ్వాడు. బజారులో పోయిన మర్యాద ఆ నవ్వుతో కొంచెం తిరిగి వచ్చిందేమో. ఆ కథతోనే ఆ ఇంట్లో నాకొక పీట దొరికింది. కథల అత్తమ్మనయ్యాను, ఇప్పుడు వాళ్ల పిల్లలకు కూడా.

కొన్నేండ్లకు అతన్ని చూశాను. వదినెతో కలిసి మంచిర్యాలకు పెండ్లికి పోతున్నాను. లక్సెట్టిపేట దాటకముందే బస్సు దగ్గడం మొదలుపెట్టింది. అదే దగ్గు. అవే ఎక్కిళ్లు. ఆగిపోయింది. రోడ్డు పక్క చాయ్ హోటల్ ముందు బల్ల మీద సామేలు కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు, గోళ్లలో బొగ్గు. చప్పుడుకు తల పక్కకు వంచాడు. కండ్లు మూసుకున్నాడు. నాకు తెలుసు, రోగమేదో అతనికి దొరికింది.

"పని ఎర్కున్నోళ్లు ఎవలన్న ఉన్నరా?" అని కండక్టర్ దిగి అరిచాడు.

సామేలు కండ్లు తెరిచాడు. రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు. కదలలేదు.

"గాడు మన దొంగ సామేలు గాదూ?" అన్నది వదినె నా భుజం పొడిచి.

దిగి పోవచ్చు. పదడుగులు లేవు. కొంగు ముఖం మీదికి లాక్కున్నాను.

"ఏమో వదినె. కానట్టున్నది," అన్నాను.

బస్సు తర్వాత ఎట్లా నడిచిందో నాకు గుర్తు లేదు. నా జ్ఞాపకంలో చిరిగిన చోటు అదొక్కటే.

సామేలు ఇప్పుడున్నాడో లేడో తెలియదు. ఉన్నా, ఈ కాగితం అతని దాకా పోదు. పోయినా ఆ చేతుల్లోకి చక్రం తిరిగి రాదు. క్షమించమని రాయడానికి కూర్చోలేదు. ఆ మాట అడిగే నోరు నాకు లేదు. కథను సరిచేయడానికి కూర్చున్నాను. అది మాత్రం నాకు చేతనవును. రోలు దిగలేదు. పట్టు మాత్రం కొంచెం సడలింది, రాస్తున్నకొద్దీ ఊపిరి ఆడుతోంది.

పిల్లలు లేరు పక్కన. అడిగేదీ నేనే, పలికేదీ నేనే.

పెట్రోలులో నీళ్లు పోసిందెవరు?

నేను.