ఒక్క చేతి కాలర్లు

మా ఇంట్లో లేసు ఆరుతున్నప్పుడు ఫ్యాను వేయకూడదు, కిటికీ తెరవకూడదు, దాని దగ్గర గట్టిగా తుమ్మకూడదు. ఈ నియమాలన్నీ పెట్టింది మా అత్త. పాటించేది మాత్రం నేను. మిగతావాళ్ళకు బయట పనులుంటాయి మరి.

బెంగళూరు పాత పేటలో, రెండు స్కూటర్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవలసినంత సందులో మా ఇల్లు. ఒకప్పుడు దొడ్డబళ్ళాపురం నుంచి తెచ్చిన మగ్గం ఉన్న ముందు గదిలో ఇప్పుడు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను ఉంది. మా ఆయన దాని ముందు కూర్చుంటాడు. అది కుట్టేది గుడ్డ మీద కాదు, నీళ్ళలో కరిగిపోయే పల్చటి షీటు మీద. దారాన్ని దారమే పట్టుకుని పూలూ తీగలూ అల్లుకుంటాయి. తర్వాత నీళ్ళలో వేస్తే షీటు కరిగి ఉత్త లేసు మిగులుతుంది. గౌన్ల మెడలకు పెట్టే కాలర్లు, బ్లౌజు చేతుల అంచులు మా సరుకు. కుట్టడం మిషను పని. కడగడం, ఆరబెట్టడం, ఆకారం తేవడం నా పని.

చెప్పడానికి సులువే. గోరువెచ్చని నీళ్ళలో ముంచగానే షీటు జిగటగా జారిపోతుంది. ఆ జిగురు పూర్తిగా పోయేదాకా కడిగామా, లేసు ఉడికిన తోటకూరలా వాలిపోతుంది. తక్కువ కడిగితే ఆరాక అప్పడంలా బిరుసెక్కి మెడకు గుచ్చుకుంటుంది. వేళ్ళకు కాస్త జిగురు తగులుతుండగానే ఆపాలి. ఆ కాస్త ఎంతో నోటితో చెప్పలేం. తర్వాత తువ్వాలులో అద్ది, థర్మాకోల్ పలక మీద పరిచి, ప్రతి మొనకూ తుప్పు పట్టని గుండుసూది గుచ్చాలి. సగం ఆరాక మళ్ళీ సరిచేయాలి. ఆ అదును తప్పితే అంచులు ముడుచుకుపోతాయి. వానాకాలంలో ఆ అదును ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. అందుకని నేను ఇంట్లోనే ఉండాలి. బోరు నీళ్ళతో కడిగితే తెల్లటి పొర కడుతుంది, కాబట్టి కుళాయికి కావేరి నీళ్ళు వచ్చే పూట కూడా నేను ఇంట్లోనే ఉండాలి. నేను ఇంట్లో లేకపోయినా ఫరవాలేని పూట ఏదో పెళ్ళయినప్పటి నుంచీ వెతుకుతూనే ఉన్నాను.

వీటికి తోడు అత్త పద్ధతి ఒకటి. వాళ్ళది నేతగాళ్ళ ఇల్లు. ఒకరు మొదలుపెట్టిన చీరను ఇంకొకరు ముట్టకూడదట, నేత దెబ్బలో తేడా వస్తుందట. మగ్గం పోయినా ఆ పద్ధతి పోలేదు, వచ్చి లేసు మీద కూర్చుంది. ఒక ఆర్డరు మొత్తం ఒక్క చెయ్యే కడగాలి. ఒకసారి నాకు జ్వరం వస్తే మా మరిది భార్య కడిగింది. సలసలకాగే నీళ్ళు పోసింది. జిగురంతా పోయి, పూలన్నీ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి.

అత్త తల పట్టుకుంది. "నువ్వు ముట్టొద్దు మే. మీ అక్క చెయ్యి పడితేనే కాలరు నిలబడేది" అంది.

ఆ మాటకు నేను జ్వరంలో కూడా పొంగిపోయాను. నా తెలివి అంతే. ఆ రోజు నుంచి నా తోడికోడలు మార్కెట్టుకూ గుడికీ స్నేహితురాళ్ళ ఇళ్ళకూ తిరుగుతోంది. నేను తలుపులు మూసిన గదిలో, ముడతలు పడిన వేళ్ళతో, మొనలకు సూదులు గుచ్చుతున్నాను. మధ్యాహ్నాలు ఆ గదిలో నాకు ఊపిరాడేది కాదు. ఎవరైనా వచ్చి ఆ పలకలన్నీ కాలితో తన్నేస్తే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

అలాంటప్పుడు మా దగ్గర కాలర్లు చేయించుకునే ఒకావిడ ఫోను చేసింది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో బట్టల యూనిట్ పెడుతోంది.

"ఫినిషింగ్ సెక్షన్ మీరే చూసుకోవాలి అక్కా. టెన్ టు సిక్స్. సండే లీవ్. వచ్చే నెల ఫస్ట్ నుంచి రాగలరా?" అంది.

ఆరు గంటలకు పని ఆగిపోతుందన్న మాటే నాకు కొత్త. ఇంట్లో చెప్పాను. మా ఆయన మిషను ఆపకుండానే విన్నాడు.

"పోతే పో. నేను వద్దంటానా? ఇక్కడ కడిగేవాళ్ళు ఒకరు ఉండాల, అంతే" అన్నాడు.

ఆ "అంతే" నేను గట్టిగా పట్టుకున్నాను. నా తోడికోడలి దగ్గరకు వెళ్ళి, కడగడం నేర్చుకోమని బతిమాలాను. ఆమె నవ్వింది.

"వేడినీళ్ళు పోస్తే పాడవుతాదని నాకు తెల్దా అక్కా? తెలిసే పోస్తిని. ఒకసారి బాగా చేసినామంటే ఇంగ జన్మంతా అదే గతి. నిన్ను చూస్తానే ఉండాను కదా!"

నాకు ముందు ఒళ్ళు మండింది. తర్వాత నవ్వొచ్చింది. ఇన్నేళ్ళు ఆమెను చూసి పనిరానిదని జాలిపడ్డాను, ఆమేమో నన్ను చూసి జాలిపడుతోంది. చివరకు తనే అంది, "నువ్వు పోతానంటే నేర్చుకుంటాను. నీ కోసరం." అత్త మధ్యాహ్నం కునుకు తీసే వేళల్లో ఇద్దరం ఒకే బకెట్లో చేతులు పెట్టి కూర్చున్నాం. "చాలు" అని నేను అనేలోపే ఆమె చెయ్యి ఆగేది. పిల్ల గట్టిది.

తర్వాతి ఆర్డరు కాలర్లు సగం నేను కడిగాను, సగం ఆమె కడిగింది. ఆరాయి. గుడ్డ కప్పి వెనకవైపు ఇస్త్రీ చేసి, దారపు కొసలు కత్తిరించి, అన్నీ కలిపి అత్త మంచం మీద పరిచాం. ఆమె ఒక్కొక్కటి ఎత్తి, వేలితో మీటి, వెలుతురుకు పట్టి చూసింది. మా ఆయన కూడా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒక్క చెయ్యి అంటే ఇట్లుండాల" అంది అత్త.

"సగం చెల్లి కడిగింది అత్తా. ఏది ఎవరిదో మీకే తెలీలేదు. ఇంగ నేను పనికి పోవచ్చు" అన్నాను.

అత్త చేతిలోని కాలరును మళ్ళీ తిప్పి చూసింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. మొహం విప్పారింది.

"ఇద్దరికీ వస్తాదా! అయితే ఒక్క చేత కాదనుకున్న ఆ పెద్ద ఆర్డరు వద్దని యాల చెప్పాల? రెండు బకెట్లు పెట్టండి, ఇద్దరూ కూసోండి" అంది.

మా ఆయన రెండో మిషను గోడ పక్కన పడుతుందా అని అప్పుడే జానలతో కొలవడం మొదలుపెట్టాడు. నేను పనికి పోతానన్న మాట ఎవరి చెవినా పడలేదు. నేను బయటపడే దారి వేసుకున్నాననుకుంటే, ఇంకో మనిషిని లోపలికి లాగాను.

అప్పుడు నా తోడికోడలు నోరు తెరిచింది. "నాకు యాడ వస్తాది అత్తా! అన్నీ అక్కే కడిగింది. నన్ను మంచిదాన్ని చేద్దామని అట్ల చెప్తావుండాది" అంది. రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. మణికట్టు మీద ఎండిన జిగురు ఆమెకు ఇంకా ఊడలేదని నాకు తెలుసు.

అందరూ నా వైపు చూశారు. ఆమె కూడా చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు, ఇద్దరం ఇక్కడే చిక్కుకోవడం ఎందుకు అన్న ప్రశ్న ఉంది.

"అవునత్తా, నేనే కడిగాను" అన్నాను.

ఆ సాయంత్రం హెచ్‌ఎస్‌ఆర్ ఆవిడకు ఫోను చేసి, నాకు కుదరదనీ, నా అంత పని తెలిసిన మనిషిని పంపుతాననీ చెప్పాను. నా తోడికోడలికి అక్కడ బట్టలు మడతపెట్టే పని దొరికిందని ఇంట్లో చెప్పాం. "ఇంట్లో సుమ్మనే కూసోనుండేదానికి బదులు, పోనీ" అంది అత్త. ఒకటో తారీకున నా తోడికోడలు అన్నం డబ్బా కట్టుకుని బస్సెక్కింది. నాకు కుళ్ళు పుట్టలేదంటే అబద్ధం. ఆమె సందు మలుపు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చి, కావాలనే కిటికీ తెరిచాను. అంచులు ముడుచుకుంటాయని భయమేసి మళ్ళీ నేనే మూశాను.

ఇప్పుడు సాయంత్రాలు ఆమె చెప్పులు విడిచి నేరుగా నా గదికే వస్తుంది. నిన్న వచ్చీ రాగానే అడిగింది, "అక్కా, అంచు ముడుచుకున్నదాన్ని ఎట్ల సరిచేయాలని అక్కడోళ్ళు అడిగిరి. రేపు చెప్తానంటిని."

మళ్ళీ తడి అద్ది, సాగదీయకుండా వేళ్ళతో నొక్కుతూ తెరవాలని చేసి చూపించాను. ఆమె శ్రద్ధగా చూసి, రేపు అక్కడ ఇలాగే చెప్తానంది. అక్కడ చెప్పేటప్పుడు ఎక్కడ నిలబడతావు, పక్కన కిటికీ ఉందా అని అడిగాను.

"ఉండాది అక్కా. పొద్దంతా తెరిచే పెడతారు" అంది.