పక్కింటి ఆంటీ సాక్ష్యం

గత మంగళవారం పొద్దున మా పక్కింటి ఆంటీ చనిపోయింది. ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను పనిలో ఉన్నాను, ఒక పెద్దాయన కాళ్ళకు సాక్సులు తొడుగుతున్నాను. ఫారంలో నా నంబరే ఉందట. "మీరు ఆవిడకు ఏమవుతారు?" అని అడిగింది నర్సు. పక్కింటిదాన్ని అన్నాను. "చుట్టాలెవరూ లేరా?" అని మళ్ళీ అడిగింది. ఆ జవాబు ఆ అమ్మాయికి సరిపోలేదు. కానీ అంతకంటే దగ్గరి చుట్టరికం ఈ దేశంలో నాకు ఇంకెవరితోనూ లేదు.

ఆంటీది ఇరాన్. షిరాజ్‌లో పుట్టి, ఇక్కడ సిడ్నీ శివార్లలోని టూంగాబీలో మా కంచెకు అవతల పద్దెనిమిదేళ్ళు బతికింది. షాపింగ్ సెంటర్‌లో చిన్న కొట్టు పెట్టుకుని ప్యాంట్లు పొట్టి చేసేది, జిప్పులు మార్చేది. మా ఇద్దరిదీ అతుకుల ఇంగ్లీషే. ఆమెది ఫార్సీ అతుకు, నాది తెనాలి అతుకు. ఆ ఇంగ్లీషులోనే పదకొండేళ్ళపాటు చెప్పుకోవాల్సినవన్నీ చెప్పుకున్నాం. ఇక్కడ ఆమె మాటలు నా తెలుగులో రాస్తున్నాను. తప్పులుంటే నావి.

మేం ఆ ఇంట్లో దిగిన మొదటి వారమే భోజనానికి పిలిచింది. అన్నం గిన్నెను పళ్ళెంలో బోర్లించి, అడుగంటిన మాడు పెద్ద ముక్క విరిచి నాకు పెట్టింది. నాకు మనసు చివుక్కుమంది. మాడు ఎవరి వంతో నాకు చిన్నప్పుడే తెలుసు. నాన్నకూ అన్నయ్యకూ పైన తెల్లటి అన్నం, అమ్మకూ నాకూ గిన్నె గీకుడు. సముద్రాలు దాటొచ్చినా నా రాత ఇంతేనా అనుకుంటూ తలొంచుకుని తిన్నాను. కరకరలాడుతూ, వెన్న వాసన కొడుతూ, అంత రుచైన మాడు నేనెప్పుడూ తినలేదు. వాళ్ళలో ఆ ముక్క కోసం పోట్లాడుకుంటారని, అతిథికి ముందు అదే వడ్డిస్తారని తర్వాత తెలిసింది. నా అపార్థం చెబితే ఆమె నవ్వలేదు. "మా ఇంట్లోనూ ముందు మగవాళ్ళకే పెట్టేవాళ్ళం, అజీజమ్. ఇది నా ఇల్లు కాబట్టి నీకు పెట్టాను" అంది. అజీజమ్ అంటే మనం బంగారం అన్నట్టు.

వీధిలోకి పోలీసు కారు వస్తే ఆమె చెయ్యి దానంతటదే తల మీదికి పోయేది, జారిన చున్నీ సర్దుకోవడానికి. తల మీద చున్నీ ఉండేది కాదు. ఇన్నేళ్ళయింది కదా ఆంటీ అంటే, "నాకు తెలుసు. చేతికి ఇంకా తెలీదు" అనేది. వాళ్ళ దేశంలో పెళ్ళయిన ఆడది సరిహద్దు దాటాలంటే మొగుడి సంతకం కావాలట. "మా ఆయన మంచివాడే. అయినా ఆయన పోయాకే నా పాస్‌పోర్టు నాదయింది" అని చెప్పి, అలా అన్నందుకు ఆ రోజంతా ముభావంగా ఉండేది.

కొట్టులో ఎవరైనా గౌను తెస్తే ముందు తిరగేసి చూసేది. "బయటి కుట్టు అందరూ బాగానే వేస్తారు. లోపల చూడాలి" అనేది. నా సంసారం బయటి కుట్టు బాగానే ఉండేది. మా ఆయన ఆఫీసులో మర్యాదస్తుడు, వినాయక చవితికి పందిరి వేయడంలో అందరికంటే ముందుండేవాడు. ఇంట్లో ఆయన చెయ్యి ఎప్పుడు లేస్తుందో నాకూ నా కూతురికీ మాత్రమే తెలుసు. ఒకసారి తెగించి ఇక్కడి మన తెలుగువాళ్ళకు చెప్పాను. ఇద్దరు అంకుల్స్ వచ్చి టీ తాగి, "కొంచెం అడ్జస్ట్ అవ్వాలమ్మా, నీ వీసా కూడా ఆయన మీదే ఉంది కదా" అని లేచిపోయారు. వాళ్ళు వెళ్ళాక ఆయన ఒకటే మాట అన్నాడు. ఇంకోసారి బయట నోరెత్తితే పిల్లను తీసుకెళ్ళి ఇండియాలో తన తల్లి దగ్గర వదిలేస్తానన్నాడు. దెబ్బలకంటే నాకు ఆ భయమే ఎక్కువగా ఉండేది.

ముసలివాళ్ళను చూసుకునే ఈ పని నేర్చుకోవడానికి కోర్సులో చేరతానన్న రోజు, ఆదివారం మధ్యాహ్నం, తలుపు తీసి ఉన్న గరాజ్‌లో నా జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. ఏడేళ్ళ నా కూతురు వాషింగ్ మెషీన్ వెనక దాక్కుంది. కంచె అవతల బట్టలు ఆరేస్తున్న ఆంటీ చప్పుడు విని, బుట్ట బోర్లించి దాని మీదెక్కి చూసింది. "నేను చూస్తున్నాను" అంది ఆయనతో. అరవలేదు. ఆయన నా జుట్టు వదిలేశాడు.

మర్నాడు ఆమె కొట్టు తెరవలేదు. ఆయన ఆఫీసుకు వెళ్ళగానే నన్నూ పిల్లనూ కారెక్కించింది. దారిలో రెండుచోట్ల ఆగింది. ఒకచోట ఫిజీ నుంచి వచ్చిన ఒక తెలుగు ఆంటీ ఎక్కింది. ఇంకోచోట బేకరీ నడిపే వియత్నాం ఆవిడ ఏప్రాన్‌తోనే ఎక్కింది. వీళ్ళెందుకో నాకు అంతుపట్టలేదు.

స్టేషన్‌లో కౌంటర్ దగ్గర ఒక కుర్ర పోలీసమ్మాయి ఉంది. "మీరు ముగ్గురూ చూశారా?" అంది.

"నేనేం చూడలేదు. ఈమె రమ్మంటే వచ్చాను" అంది ఫిజీ ఆంటీ. బేకరీ ఆవిడ కూడా అంతే అంది, తనకు పదింటికి బన్నులు తీయాల్సి ఉందని కూడా చెప్పింది.

"మరి వీళ్ళనెందుకు తీసుకొచ్చారు?"

పక్కింటి ఆంటీ చెయ్యి తల మీదికి పోయింది. "నేను ఆడదాన్ని కదా. నా ఒక్కదాని మాట చెల్లదు. చూసిన మగవాడు లేడు. అందుకని ఇంకో ఇద్దరిని తెచ్చాను" అంది.

పోలీసమ్మాయి పెన్ను చేతిలోకి తీసుకుంది. "చూసింది మీరు. మీరొక్కరు చాలు" అంది.

"ఒక్కరా?"

"ఒక్కరే."

ఆంటీ కుర్చీలో కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. కానీ ఆమెకు కోపం వచ్చింది. "ఇంత తేలికా? ఇంతేనా?" అంటూనే ఉంది, ఎవరితోనో. తర్వాత జరిగిందంతా చెప్పి, ఆ అమ్మాయి చూపించినట్టు ప్రతి పేజీ అడుగునా సంతకం పెట్టింది. వచ్చేటప్పుడు కొన్ని తెల్ల కాగితాలు అడిగి తీసుకుంది. ఎందుకని నేను అడగలేదు.

కార్లో కూర్చున్నాక చెప్పింది. ఆమెకో చెల్లెలు ఉండేదట. మొగుడు కొడుతున్నాడని విడాకులు అడిగితే, కొట్టినట్టు సాక్షులేరి అన్నారట, మగ సాక్షులు. వంటింట్లో చెల్లెలి నోట్లోంచి రక్తం కారుతుంటే కళ్ళారా చూసింది ఈమె ఒక్కతే. కోర్టులో లేచి నిలబడి చెప్పింది. ఒక్క ఆడదాని మాట సరిపోదన్నారు. "ఇంట్లో పెళ్ళాన్ని కొట్టేవాడు ఇద్దరు మగవాళ్ళను పిలిచి కూర్చోబెట్టి కొడతాడా, అజీజమ్?" అంది. చెల్లెల్ని మొగుడింటికే పంపేశారు. ఆ చలికాలం దాటలేదు. మెట్ల మీంచి పడి చచ్చిపోయిందన్నారు. ఆ ఇంటికి ఉన్నవి మూడే మెట్లట.

మా కేసు నడిచిన రోజు ఆయన లాయరు, అంత ఎత్తు కంచె మీదుగా మీకెలా కనబడింది అని ఆమెను నిలదీశాడు. "బుట్ట ఎక్కాను. కావాలంటే ఆ బుట్ట తెస్తాను" అంది. మేజిస్ట్రేటు ఆమె మాట రాసుకుంది. మా దగ్గరికి రాకూడదని ఆయనకు ఉత్తర్వు పడింది. పిల్ల నా దగ్గరే ఉండిపోయింది. ఇక్కడేదో స్వర్గం ఉందని చెప్పడం లేదు. ఉత్తర్వు చేతికొచ్చాక కూడా రెండేళ్ళు కర్టెన్లు తీయడానికి భయపడ్డాను. ఈ దేశంలోనూ అది చేతికి రాకముందే పోయినవాళ్ళున్నారు. మన దగ్గర మాత్రం? చట్టం ఒక్కరి మాట విన్నా చుట్టాలు వినరు. మా అమ్మే ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు.

వాళ్ళ దేశంలో ఆడపిల్లలు చున్నీలు తీసి వీధుల్లోకొచ్చిన రోజుల్లో ఆంటీ కుట్టుమిషను ఆపేసి ఫోన్ చూస్తూ కూర్చునేది. ఆ పిల్లల్లో ఎవరో కనబడకుండా పోయారని వార్త వస్తే, "ఎవరో ఒకరు చూసే ఉంటారు" అనేది. అంతకుమించి ఏమీ అనేది కాదు. ఆ తర్వాత కడుపులో కాన్సర్ అన్నారు. చివరి వారం నేనే దగ్గరున్నాను. నొప్పి తగ్గినప్పుడల్లా పిల్ల తిన్నదా అని అడిగేది.

శనివారం నేనూ నా కూతురూ ఆమె ఇల్లు సర్దాం. సూదుల డబ్బా అడుగున, నా కేసులో ఆమె ఇచ్చిన వాంగ్మూలం నకలు దొరికింది. దాని కింద ఇంకో ఆరు కాగితాలున్నాయి, స్టేషన్ నుంచి ఆనాడు తెచ్చుకున్నవి. ఇంగ్లీషులో, అన్నీ పెద్దక్షరాల్లో రాసింది. అది చెల్లెలి వంటింట్లో తాను చూసినదాని వాంగ్మూలం. నా కూతురికి ఇప్పుడు పదహారేళ్ళు. నేల మీద కూర్చుని ఆరు పేజీలూ గట్టిగా చదివింది. చదవడం అయ్యాక, "అమ్మా, హూ వాజ్ షి గోయింగ్ టు గివ్ దిస్ టు?" అంది.

ఎవరికిస్తుంది? తీసుకునే కోర్టేదీ? నా కూతురు చివరి పేజీ నా చేతికిచ్చింది. సాక్షుల సంతకాల కోసమని అడుగున స్కేలు పెట్టి గీత గీసుకుంది ఆంటీ. ఒక్కటే గీత. దాని మీద ఆమె సంతకం.