ఆరో పనిదినం

సోమవారం ఉదయం రెండో పేషెంటు బల్ల మీద ఉండగానే రేడియేషన్ మెషీన్ ఆగిపోయింది. విడిభాగం తెప్పించి బిగించేసరికి శుక్రవారం సాయంత్రమవుతుందని కంపెనీవాళ్లు తేల్చేశారు. అప్పటిదాకా ఎవరికీ చికిత్స లేదు.

ఆసుపత్రిలో అందరూ కంప్యూటరమ్మ అని పిలిచే మనిషి అవసరం ఇలాంటప్పుడే గుర్తొస్తుంది. ఏ పేషెంటు ఏయే రోజుల్లో రావాలో తేదీలు వేసేది ఆమె. అందుకు పైథాన్‌లో పాండాస్ అనే లైబ్రరీ వాడుతుంది. మొదటి తేదీ, ఎన్నిసార్లు రావాలో ఇస్తే, శని ఆదివారాలు వదిలేసి పనిదినాలను మాత్రం అది వరసగా ఇస్తుంది. సెలవులుంటే విడిగా చెప్పాలి. ఈ ఐదు రోజులనూ సెలవుల్లో చేర్చగానే నలభై మంది చికిత్స వారం ఆలస్యమైంది.

ఆ నలభై మందిలో ఆమె సొంత అక్క ఉంది. గొంతులో గడ్డ. సగం చికిత్స అయింది. మధ్యలో ఖాళీ వస్తే గడ్డ మళ్లీ పుంజుకుంటుందనీ, పోయిన రోజులు ఎలాగైనా పూడ్చాలనీ డాక్టరమ్మ చెప్పింది.

పూడ్చే దారి ప్రోగ్రాంలోనే ఉంది. వారంలో ఏవి పనిదినాలో రాసే చోట కంప్యూటరమ్మ శనివారాన్ని చేర్చింది. మళ్లీ నడిపితే అక్క చివరి తేదీ శుక్రవారం నుంచి అంతకు ముందు మంగళవారానికి వచ్చింది. ఆ కాగితం పట్టుకుని మెషీన్ నడిపే టెక్నీషియన్ దగ్గరికి పరుగెత్తింది.

"శనివారం కూడానా? ఎవరిని అడిగి పెట్టావమ్మా?"

"మూడు శనివారాలే అన్నయ్యా."

"నీకేం, ఓ మాట కొడితే శనివారం పనిదినమైపోతుంది. నా మోకాళ్లకి ఆ మాట ఎవడు కొడతాడు? ఇద్దరు చెయ్యాల్సిన పని ఆర్నెల్లుగా ఒక్కణ్ణే లాగుతున్నా."

"కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటా."

"ఛ, ఊరుకో. అక్క కోసమేగా ఇదంతా?"

"అక్క కోసమే."

అతను కాగితం మడిచి ఇచ్చేశాడు. "ఈ ఒక్క శనివారం వస్తా. అదీ మధ్యాహ్నం దాకా. పన్నెండు మందిని మించి నా వల్ల కాదు. ఇంక అడగకు."

ఆ పన్నెండు మందిని ఎంచడానికి, ఆలస్యమైతే ఎవరికి ఎక్కువ ప్రమాదమో ఆ వరసలో డాక్టరమ్మ పేర్లు పంపి, వెంటనే ఫోన్ చేసింది. "మీ అక్కని పైకి జరపమంటావని తెలుసు. పైనున్నవాళ్లలో ఇద్దరు పసిపిల్లలున్నారు. చూసి అప్పుడు అడుగు."

ఆమె చూసింది. అడగలేకపోయింది.

ఫోన్ పెట్టేసిందో లేదో అక్క చేసింది. "ఏమే, నా తేదీలు వేశావా? గొంతు మంటకి మంచినీళ్లూ దిగట్లేదు. మీ బావ వంట తప్పింది, అదొక్కటే లాభం."

"వేస్తున్నానక్కా."

"తొందరగా అయ్యేట్టు చూడవే. నీ చేతిలో పనేగా."

ఆమె ఫోన్ పక్కన పెట్టింది. మొదటి పన్నెండు మందికి ఆ శనివారాన్ని పనిదినం చేసింది. మిగతావాళ్లకి పాత వారమే ఉంచి ప్రోగ్రాం నడిపింది. అక్క చివరి తేదీ మళ్లీ శుక్రవారానికి పోయింది.

డాక్టరమ్మ పంపిన జాబితాలో అక్క వరస నంబరు పద్నాలుగు.