బావ కాలు, నా కొత్త బండి

డెబ్బైలలో మా బావ గోదావరిఖని బొగ్గుగనిలో ఫిట్టరు. ఎక్కడ కొత్త మోటారుసైకిల్ కనబడినా చుట్టూ తిరిగి చూసి, "ఏడాదికేడాది ఖరాబు చేస్తున్నరు" అని పెదవి విరిచేవాడు.

ఒకరోజు డ్యూటీకి బయలుదేరుతుంటే ఆయన పాత బండి కిక్కురాడ్డు ఎదురు తన్ని, కాలు విరిగింది. నా కొత్త మోడల్ మీద దవాఖానకు తీసుకెళ్లాను. మూలుగుతూనే దారంతా దానికి వంకలు పెట్టాడు.

"ఏం బండిర బామ్మర్దీ, చప్పుడే లేదు! మనమొస్తున్నమని జనానికెట్ల తెలుస్తది?"

"నువ్వు ఒర్రుతున్నవు గద బావా, అందరు జరుగుతున్నరు."

కాలు ఎలా విరిగిందని డాక్టరు అడిగాడు. బావ కిటికీలోంచి నా బండిని చూపించాడు.

"గా కొత్త మోడల్ సార్."

డాక్టరు తలూపాడు. "ఈమధ్య వచ్చేవన్నీ అంతేనయ్యా."

బావ నొప్పి మరిచిపోయి, గెలిచినవాడిలా నావైపు చూశాడు.