సరస్సులో మా వంతు

మా పైవాటా వాళ్ళు ఎండురొయ్యలు వేయిస్తున్నారు. ఆ వాసన మెట్లు దిగి తిన్నగా నా గదిలోకే వచ్చింది. ఈ మేడలో దానికి ముక్కు మూసుకునేవాళ్ళే ఎక్కువ. "ఇకమీదట ఇక్కడ చేపలూ రొయ్యలూ వండరాదు" అని ఒక నోటీసు రాసి, వయసులో పెద్దదాన్నని మొదటి సంతకానికి నా దగ్గరికే తెచ్చారు. నా దగ్గరికి! పులికాట్ సరస్సులో రొయ్యపిల్లల్ని కొలిచి జీతం తీసుకున్నదాని దగ్గరికి! కాగితం బల్లమీద పెట్టించుకుని, చూస్తానులెమ్మని పంపించేశాను. వాసన మాత్రం వెళ్ళలేదు. కూర్చున్నచోటే నన్ను మస్తాన్ గారి ముందు నిలబెట్టింది.

మీరెవరూ ఆయన్ను చూసి ఉండరు. అరవైల్లో సూళ్లూరుపేటలో రైలుకట్ట పక్కన రెండు గదుల చేపల పరిశోధన కేంద్రం ఉండేది. దానికి ఆయన అధికారి. నాయుడుపేటలో బట్టల వ్యాపారం చేసే ఇంట పుట్టి, కొట్టు తమ్ముడికి వదిలేసి, చేపల చదువు చదివినాయన. పొడుగ్గా, కాస్త వంగి నడిచేవారు. వచ్చింది ఎవరైనా సరే, ముందు కూర్చోబెట్టి, ఆ తర్వాతే మాట మొదలుపెట్టేవారు. నేను కోవూరు వరి రైతు కూతుర్ని. జంతుశాస్త్రం చదివి, పెళ్ళి సంబంధాలు చూస్తున్న నాన్నతో పోట్లాడి, ఆ కేంద్రంలో సహాయకురాలిగా చేరాను. మొదటిరోజు ఆయన అడిగింది ఒక్కటే. "రాజ్యమ్మా, బురదంటే అసహ్యమా?"

"వరిమళ్ళలో పెరిగినదాన్ని సార్."

"అయితే సగం పని వచ్చినట్టే. మిగిలింది ఉప్పు. అదీ అలవాటవుతుందిలే."

ఆ సరస్సుకు ఒక చిక్కు ఉంది. నీళ్ళు చాలావరకు మనవైపు, సముద్రంలో కలిసే ముఖద్వారం మద్రాసు రాష్ట్రం వైపు. రొయ్యపిల్లలు అక్కడ లోపలికి వచ్చి, ఇక్కడ పెరుగుతాయి. ఏడాదికేడాది రొయ్య తగ్గిపోతుంటే, వాళ్ళే దారిలో పట్టేస్తున్నారని మనవాళ్ళు, వీళ్ళే పిల్లల్ని మిగల్చడం లేదని వాళ్ళు ఒకరినొకరు తిట్టుకునేవారు. నిజం ఏమిటో రెండు ఆఫీసుల్లో ఎవరికీ తెలియదు. సరిహద్దు దగ్గరికి వచ్చేసరికి ఎవరి లెక్క వాళ్ళది ఆగిపోయేది. రొయ్యకు ఏ రాష్ట్రమో ఎవరు చెప్పారు?

అలాంటప్పుడు ఢిల్లీ నుంచి ఒక కబురొచ్చింది. రెండు రాష్ట్రాలు కలిసి దరఖాస్తు పెట్టుకుంటే ఉమ్మడి పరిశోధనకు డబ్బిస్తామని. అదే నెలలో మా పైఅధికారులు మరో మాట చెప్పారు. ఈసారి ఆ డబ్బు రాకపోతే మా కేంద్రాన్ని ఎత్తేసి నెల్లూరు ఆఫీసులో కలిపేస్తారట. మస్తాన్ గారు మద్రాసు వైపు ఒడ్డున ఉన్న పళవేర్కాడులో తన వంటి అధికారి పొన్నుసామి గారిని కలిసి ఒప్పించారు. పథకం రాసే పని నాకు అప్పగించారు. ఒళ్ళు మరిచి రాశాను. వారానికొకసారి, ఒకే రోజు, ఒకే వేళకు, అటూ ఇటూ గుర్తుపెట్టిన చోట్ల పరిశోధన వలలు వెయ్యాలి, పడినవి కొలవాలి. పొన్నుసామి గారు భేష్ అన్నారు. మస్తాన్ గారు కూడా రెండుసార్లు చదివి, "చక్కగా రాశావమ్మా. ఎవరినడిగావు?" అన్నారు.

"ఎవరినడగాలి సార్? సరస్సు గవర్నమెంటుదేగా!"

ఆయన నవ్వి, మర్నాడు నన్ను పడవెక్కించి ఒక కుప్పానికి, అంటే జాలర్ల పల్లెకు, తీసుకెళ్ళారు. కుప్పం పెద్ద పోలయ్య వల బాగుచేసుకుంటూ చెప్పాడు. "చోటంటే వంతు తల్లా. మంచిచోటు అందరికీ ఒకరోజే గావాలంటే యాడొస్తది? అందుకే వంతులు. నా వంతునాడు నా తోడబుట్టినోడు గూడా ఆడ వల దించడు. నువ్వొచ్చి దించితే ఆ పూట నా పొయ్యెట్టా రగలాల?"

"మా వల చిన్నది, పెద్దాయనా."

"చిన్నదో పెద్దదో, ముందు అడగాల్నా వద్దా?"

నాకు తల కొట్టేసినట్టయింది. తిరిగి వస్తూ పడవలో మస్తాన్ గారు, రెండు వైపుల కుప్పాలనూ కూర్చోబెట్టి మాట్లాడాకే దరఖాస్తు పంపుదామన్నారు. గడువు ముంచుకొస్తోంది. పొన్నుసామి గారు పరుగున వచ్చి, "ముందు పంపేద్దాం సార్, డబ్బు రానీండి, అడగడానికేం, తర్వాత అడగొచ్చు" అన్నారు. నేనూ ఆయనవైపే. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, రాని డబ్బుకు ఊరూరా పంచాయతీ ఏమిటని అడిగేశాను. కేంద్రం పోతే మా నాన్న నన్ను కోవూరు తీసుకుపోవడానికి బండి కట్టించుకుని సిద్ధంగా ఉన్నాడని కూడా అన్నాను. ఏడుపొచ్చింది. నా కోపం తప్పని ఇప్పటికీ అనుకోను.

ఆయన నన్ను కసరలేదు. "డబ్బొచ్చాక అడిగితే అది అడగడం కాదమ్మా. చెప్పడం. వద్దనే వీలున్నప్పుడు అడిగితేనే అడిగినట్టు" అన్నారు.

సరస్సు మధ్య ఒక ఇసుకదిబ్బ మీద రెండు వైపుల వాళ్ళూ చేరారు. అరుపులూ కేకలూ తెలుగులో కొన్ని, అరవంలో కొన్ని. మస్తాన్ గారు రెండు భాషల్లోనూ బతిమాలారు. పొద్దు వాలేవేళకు ఎవరూ అనుకోని మాట తేలింది. మా కేంద్రాన్నీ, అటు పొన్నుసామి గారి ఆఫీసునూ కూడా ఒక్కో ఇల్లుగా లెక్కగట్టి, తమ తమ వరుసల్లో మాకూ ఒక్కో వంతు ఇస్తారు. అది ఏ రోజు వస్తే ఆ రోజే వల వెయ్యాలి. కొలవడం అయ్యాక, పడింది పడవల్లేని ముసలమ్మలకు ఇచ్చెయ్యాలి. "గవర్నమెంటోళ్ళు మా వరసలో నిలబడతారంటే ఇంకేం గావాల!" అని పోలయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

వారం వారం ఒకే రోజు, ఒకే వేళకన్న నా ముచ్చటైన పథకం గంగలో కలిసింది. మళ్ళీ మొదటినుంచి రాసి పంపేసరికి గడువు దాటిపోయింది. దరఖాస్తు తిరిగొచ్చింది. అన్నట్టే కేంద్రానికి తాళం పడింది. నన్ను నెల్లూరులో గుమాస్తా పనిలో కూర్చోబెట్టారు. మస్తాన్ గారికి ఒక మూల కుర్చీ వేశారు. చేపల మధ్య బతికిన మనిషి ఫైళ్ళ మధ్య కూర్చున్నారు.

ఒకరోజు పోలయ్య కొడుకు రైలెక్కి నెల్లూరు ఆఫీసుకే వచ్చాడు. "రేపు మీ వంతు సార్. నాయన చెప్పి రమ్మన్నాడు."

"కేంద్రం మూసేశారుగదయ్యా" అన్నాన్నేను.

"అది మాకెందుకమ్మా? వంతు వంతే."

మస్తాన్ గారు అప్పటికే సెలవు చీటీ రాస్తున్నారు. ఆ ఏడాదంతా మా వంతు వచ్చినప్పుడల్లా మేం రైలెక్కాం. అవతల పొన్నుసామి గారు కూడా తన వంతునాడు నీళ్ళలో దిగారు. మరుసటి ఏడు ఆ కొలతలు జతచేసి ఢిల్లీని మళ్ళీ డబ్బు అడిగాం. ఇచ్చారు. కేంద్రం తలుపులు తెరిచారు. కానీ అప్పటికే ఆయనకు పదవీ విరమణ అయిపోయింది. కొత్త వలలు వచ్చిన రోజున నాయుడుపేట నుంచి వచ్చి, వాటిని చేత్తో తడిమి చూసి, టీ తాగి వెళ్ళిపోయారు. ఆ చలికాలంలోనే పోయారు.

ఆయన పోయాక వచ్చిన మొదటి వంతునాడు నేను వల తీసుకుని పడవలో వెళ్ళాను. పని ఆపితే ఆయనకు నచ్చదని గుండె రాయి చేసుకున్నాను. పోలయ్య తన పడవ అడ్డంగా తెచ్చి నిలిపాడు.

"ఈ పూట దించొద్దు తల్లా. నీకు చెప్పడంలా, అడగతా ఉండా. ఇది సారు వంతు. ఊరికే వదిలేద్దామా?"

సరేనని తల ఊపాను. అందరూ ఆశపడే ఆ మంచిచోట ఆ పూట ఒక్క వలా పడలేదు. గట్టున ముసలమ్మలు ఖాళీ బుట్టలతో నిలబడ్డారు. ఒక్కరూ చేప అడగలేదు.

నోటీసు ఇంకా నా బల్లమీదే ఉంది. దాన్ని తీసుకుని పైకి వెళ్ళాను. సంతకం పెట్టలేదు. రొయ్యలు వేయిస్తున్న పైవాటా పిల్ల బెదురుతూ తలుపు తీసింది. ఆమెకు నోటీసు సంగతి అప్పటికే తెలిసినట్టుంది. "ఇదిగో, వీళ్ళు ఇలా రాశారు. నిన్ను ఎవరైనా ఒక్క మాట అడిగారా తల్లీ?" అన్నాను.

లేదన్నట్టు తల ఊపింది.

"అయితే కూర్చో, నేనడుగుతాను" అని నేనే ముందు కూర్చున్నాను.