కాండం మాస్టారు ఆడిన అబద్ధం

కాండం మాస్టారి ఇంట్లో ఏ కూరగాయా తన పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకోకుండా కత్తి కిందికి వెళ్ళడానికి వీల్లేదు. అది వేరా, కాండమా, ఆకా అన్నది ముందు తేలాలి. తేలేదాకా పొయ్యి వెలగదు. బడిలో మొక్కల పాఠం చెప్పే మనిషి, గంట కొట్టగానే ఆ పాఠాన్ని అక్కడే వదిలేసి రావాలా వద్దా? ఈయన సంచీలో వేసుకుని ఇంటికి తెస్తాడు.

దాంతో వేగాల్సింది ఆయన భార్య. ఆసుపత్రిలో నర్సమ్మ. పొద్దస్తమానం వార్డులో నిలబడి, కాళ్ళు పీక్కుపోతుంటే ఈడ్చుకుంటూ ఇల్లు చేరేసరికి మాస్టారు బంగాళాదుంపను కళ్ళజోడుకి ఆనించుకుని పరీక్షిస్తుంటాడు.

"చూశావటోయ్, దీనికి కళ్ళున్నాయి. ఇవన్నీ మొగ్గలు. వేరుకి ఇలాంటి మొగ్గలెక్కడివి? కాబట్టి ఇది కాండం. తిండి దాచుకోవడానికి మట్టిలో దూరిన కాండం."

"పెళ్ళైన దగ్గర్నుంచీ చూస్తూనే ఉన్నానండీ. తొక్క మీరు తీస్తారా, నన్ను తియ్యమంటారా?"

"అసలు సంసారమంటే మొక్కను చూసి నేర్చుకోవాలోయ్. వేరు నీళ్ళు తెస్తుంది, కాండం మోస్తుంది, ఆకు వండుతుంది."

"ఈ ఇంట్లో తెచ్చేదీ మోసేదీ వండేదీ నేనే. మరి మీరేమిటి?"

మాస్టారు నిజాయితీగా ఆలోచించాడు. "కలుపు మొక్కనేమో," అన్నాడు.

నవ్వే ఓపిక కూడా లేక నర్సమ్మ కత్తి అందుకుంది.

ఆ ఇంట్లో మాస్టారికి సరిజోడు అత్తగారొక్కరే. "మట్టిలోంచి తవ్వింది ఏదైనా వేరు కిందే లెక్క అల్లుడుగారూ," అని ఆవిడ తీర్పు. ఒకసారి అల్లం మీద మాటా మాటా పెరిగి ఆవిడ కంచం ముందునుంచి లేచిపోయింది. మాస్టారు గబగబా వెనకాలే వెళ్ళాడు. బతిమాలడానికి వెళ్ళాడనుకుని నర్సమ్మ మురిసిపోయింది, పాపం. ఆయన అల్లం ముక్క పట్టుకెళ్ళి, కణుపులు చూపించి, ఇదీ కాండమేనని చెప్పి మరీ వచ్చాడు.

అంత నోరున్న ఆవిడకి ఉన్నట్టుండి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. "మాట పూర్తిగా పోలేదమ్మా, ప్రయత్నిస్తే వస్తుంది. కానీ మాట్లాడాలని ఆవిడకే అనిపించాలి," అన్నాడు డాక్టరు. ఆవిడకి అనిపించలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

"అమ్మా, ఒక్క మాట. తిట్టవే, పోనీ," అని నర్సమ్మ రోజూ బతిమాలేది. వార్డులో ఎంతమందినో మాట్లాడించిన మనిషి, కన్నతల్లి దగ్గర ఓడిపోయింది. ఇక అమ్మ గొంతు వినబోనేమోనన్న భయంతో ఆమెకి కంటిమీద కునుకు లేదు.

ఒక సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి, మాస్టారు అత్తగారి మంచం పక్కన కుర్చీ వేసుకుని, ఒళ్ళో బంగాళాదుంపలు పెట్టుకుని కూర్చున్నాడు. నర్సమ్మకి ఒళ్ళు మండింది.

"మంచాన పడిన మనిషినైనా వదిలిపెట్టరా మీరు?"

మాస్టారు వినిపించుకోలేదు. గొంతు సవరించుకున్నాడు. నుదుట చెమట పట్టింది.

"అత్తయ్యగారూ, ఇన్నాళ్ళూ మీతో అనవసరంగా వాదించాను. మీరన్నదే నిజం. బంగాళాదుంప... వేరు."

నర్సమ్మ భుజం మీది సంచీ జారి కింద పడింది. మంచం మీద అత్తగారు మెల్లగా ఇటు తిరిగింది. అల్లుణ్ణి చూసింది, దుంపను చూసింది. పెదవులు వంకర పోయాయి.

"కా... కాదు."

"కచ్చితంగా వేరండీ," అన్నాడు మాస్టారు మొండిగా.

"కాం... డం!" ఆవిడ వేలు దుంప మీద గుచ్చింది. "క... కళ్ళు!"

నర్సమ్మ గుమ్మం దగ్గరే చతికిలబడి, ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేసింది. అంటే అమ్మ ఇన్నేళ్ళూ మొత్తం వింటూనే ఉందన్నమాట.

ఆ తర్వాత ఆ ఇంట్లో శాస్త్రం తలకిందులైంది. క్యారెట్ ఆకైంది. పాలకూర వేరైంది. అత్తగారు దిండుకి ఆనుకుని కూర్చుని, తడబడుతూనే అల్లుణ్ణి కడిగేస్తోంది. "ఇ... ఇదేనా మీరు... పిల్లలకి... చెప్పే చదువు?" అంటే మాస్టారు తల వంచుకుని మాటలు పడుతున్నాడు. ఒక్కో అబద్ధానికీ ఆయన ముఖం చేదు మందు మింగినట్టయ్యేది.

"అల్లం కూడా వేరనేశారా?" వంటింట్లో నర్సమ్మ గుసగుసగా అడిగింది.

"అనేశానోయ్," అన్నాడు నీరసంగా.

"మరి ఉల్లిపాయ?"

మాస్టారు ఉల్లిపాయను చేతిలోకి తీసుకుని ఆప్యాయంగా నిమిరాడు. "రేపటికి ఉంచాను. నిక్షేపంలాంటి ఆకుల్ని పట్టుకుని వేరు అనాలంటే కాస్త ధైర్యం కూడగట్టుకోవాలి కదా."

నర్సమ్మకి నిలబడే ఓపిక లేదు. కుర్చీ లాక్కుని ఆయనకెదురుగా కూర్చుంది.

"అవి ఆకులెలా అయ్యాయో నాకు చెప్పండి. వింటాను."

మాస్టారు నమ్మలేనట్టు చూసి, కళ్ళజోడు తుడుచుకుని మొదలుపెట్టాడు. ఆ పూట కూడా పొయ్యి ఆలస్యంగానే వెలిగింది.